హైబ్రిడ్ కారుతో నా అనుభవం: మైలేజీ అంతా బ్రేకు దగ్గరే

హైబ్రిడ్ కారు కొన్నానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "మరి ఛార్జింగ్ ఎక్కడ పెడుతున్నావు?" మా చుట్టాలే కాదు, పెట్రోలు బంకులో పైపు పట్టుకున్న కుర్రాడు కూడా అడిగాడు. అందుకే ముందే చెప్పేస్తాను. ఈ బండికి ఛార్జింగ్ ప్లగ్గే ఉండదు. పోసేది పెట్రోలే. నంబరు ప్లేటు కూడా తెల్లదే, ఆకుపచ్చ ప్లేటు పూర్తి ఎలక్ట్రిక్ బండ్లకు మాత్రమే ఇస్తారు. నాది హోండా సిటీ హైబ్రిడ్. కంపెనీ దీన్ని ఈ:హెచ్‌ఈవీ అంటుంది. 2022 మే నెలలో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 2023 మార్చిలో కొన్ని మార్పులతో మళ్లీ విడుదల చేశారు. నేను తీసుకున్నది ఆ మార్చిన మోడల్.

కొనేముందు ఎవరిని అడిగినా 26, 27 మైలేజీ అని ఒకే అంకె చెప్పేవాళ్లు. ఆ అంకె ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు, ఎలా నడిపితే వస్తుంది, ఇంట్లో వాళ్లకు దేని దగ్గర ఇబ్బంది అవుతుంది అన్నవి వివరంగా చెప్పినవాళ్లు దొరకలేదు. కొనాలనుకుంటున్న వాళ్లకు ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నాను.

మేముండేది హైదరాబాద్ నిజాంపేటలో. ఆఫీసు రాయదుర్గం. జేఎన్‌టీయూ దగ్గర మొదలయ్యే ఆగడం, కదలడం హైటెక్ సిటీ దాటేదాకా తెమలదు. పాత పెట్రోలు ఆటోమేటిక్ ఆ దారిలో లీటరుకు పదో పదకొండో ఇచ్చేది. అమ్మానాన్నలు నందిగామలో ఉంటారు కాబట్టి విజయవాడ హైవే ఎక్కడం కూడా మాకు తరచూ ఉండే పనే.

ముందు ఎలక్ట్రిక్ కారే కొందామనుకున్నాం. అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో సెల్లార్‌లో ఛార్జర్ సంగతి ఎత్తితే మీటరు ఎవరి పేరు మీద ఉండాలి, వైరు ఎటు నుంచి లాగాలి, ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిది అని వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఇంట్లో ఉన్నది ఒకే కారు. నాన్నకు ఒంట్లో బాగోలేదని అర్ధరాత్రి ఫోను వస్తే బ్యాటరీ ఎంత ఉందో చూసుకుని బయల్దేరే పరిస్థితి నాకు వద్దనిపించింది. ఆ ఒక్క కారణంతోనే హైబ్రిడ్ వైపు తిరిగాను.

హైబ్రిడ్ అన్న పేరు పెట్టినవన్నీ ఒకటి కావు. సెకండ్ హ్యాండ్‌లో మారుతి సియాజ్ స్మార్ట్ హైబ్రిడ్ కూడా చూశాను. మంచి బండి, వెనక సీటు విశాలం. కానీ దాంట్లో ఉన్నది మైల్డ్ హైబ్రిడ్. చిన్న మోటారు ఇంజిన్‌కు కొంచెం చేయూతనిస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తుంది, అంతే. మోటారు ఒక్కటే చక్రాలను తిప్పి బండిని నడపలేదు. అలా నడపగలిగేదాన్ని స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటారు. 1997లో జపాన్‌లో వచ్చిన టయోటా ప్రియస్ ఆ కోవకు చెందింది. మన దగ్గర క్యామ్రీ హైబ్రిడ్, సిటీ హైబ్రిడ్ కూడా అంతే. షోరూమ్‌లో హైబ్రిడ్ అన్న మాట వినిపిస్తే "ఇంజిన్ ఆపేసి కరెంటు మీద కదులుతుందా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సంగతి తేలిపోతుంది.

టెస్ట్ డ్రైవ్‌కు పొద్దున పదింటికి రమ్మన్నారు. నేను సాయంత్రం ఆరున్నరకే కావాలని పట్టుబట్టాను. ఖాళీ రోడ్డు మీద ఏ కారైనా బాగానే ఉంటుంది. హైబ్రిడ్‌ను చూడాల్సింది ఆఫీసులు వదిలే వేళ, బంపరుకు బంపరు ఆనుకుని కదిలేటప్పుడు. ఆ అరగంటలో ఇంజిన్ మోగింది చాలా తక్కువసేపు. మా ఆవిడ వెనక సీట్లో కూర్చుని, "ఏమండీ, ఆగిపోయిందా?" అని మొదట్లో కంగారుపడింది. తర్వాత ఆ నిశ్శబ్దమే తనకు నచ్చింది. కారు మీద మా ఇద్దరికీ మాట కుదిరింది కూడా అక్కడే.

వేరియంట్ దగ్గర కొంచెం ఆలోచించాం. 2023 మార్చిలో వీ వేరియంట్ ఎక్స్‌షోరూమ్ ధర 18.89 లక్షలు, జడ్‌ఎక్స్ 20.39 లక్షలు. తెలంగాణలో 20 లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శ్లాబ్ కూడా పెరుగుతుంది. ఇంజిన్, మోటార్లు, బ్యాటరీ రెండింట్లోనూ ఒకటే కాబట్టి మేం వీ తీసుకున్నాం. సన్‌రూఫ్ లేదని పిల్లలు కొన్నాళ్లు అలిగారు.

ఇక లోపల ఏముందో చెప్పాలి, ఎందుకంటే అది అర్థమైతేనే దీన్ని ఎలా నడపాలో అర్థమవుతుంది. ఒక 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్, రెండు ఎలక్ట్రిక్ మోటార్లు, చిన్న లిథియం అయాన్ బ్యాటరీ ఉంటాయి. మామూలు అర్థంలో గేర్‌బాక్స్ లేదు. ఊళ్లో తిరిగేటప్పుడు చక్రాలను తిప్పేది మోటారే. దాని శక్తి 109 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 253 ఎన్‌ఎం. ఒక డీజిల్ కారుకు ఉండేంత లాగుడు అన్నమాట. బ్యాటరీలో కరెంటు తగ్గితే ఇంజిన్ లేచి రెండో మోటారును జనరేటర్‌గా తిప్పుతుంది, ఆ కరెంటు మొదటి మోటారుకు వెళ్తుంది. హైవే మీద నిలకడగా వెళ్తున్నప్పుడు మాత్రం ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది, ఆ వేగంలో అదే పొదుపు కాబట్టి. ఈ మూడూ ఎప్పుడు ఎలా మారాలన్నది బండే చూసుకుంటుంది. డ్రైవరు నొక్కాల్సిన బటన్ ఏదీ లేదు.

బ్యాటరీ ఎంత చిన్నదంటే, నిండుగా ఉన్నా అందులో ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు. ఇంజిన్ లేకుండా దానిమీద వెళ్లగలిగేది ఒకటి రెండు కిలోమీటర్లే. ఇంత చిన్న బ్యాటరీతో మైలేజీ రెట్టింపు ఎలా అవుతుందన్నది నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. అసలు కిటుకు ఆ బ్యాటరీ ఎంత పట్టుకుంటుందన్న దాంట్లో లేదు. రోజుకు ఎన్నిసార్లు నిండి ఎన్నిసార్లు ఖాళీ అవుతుందన్న దాంట్లో ఉంది. సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే నిండుతుంది, కదిలేటప్పుడు ఖర్చవుతుంది, మళ్లీ ముందు ఆటో ఆగితే నిండుతుంది. హైదరాబాద్ సాయంత్రంలో ఇది కొన్ని వందల సార్లు జరుగుతుంది.

ఇది నాకు సరిగా అర్థమైంది మా నాన్న నడిపినప్పుడు. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి జగ్గయ్యపేట డిపోలో రిటైరయ్యారు. ఆర్టీసీలో డ్రైవర్ల పనిని కేఎంపీఎల్‌లో కొలుస్తారు, లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారన్న లెక్క. బాగా తెచ్చినవాళ్లకు డిపోలో అవార్డులు ఇస్తారు. మా చిన్నప్పుడు ఇంట్లో ఆ కేఎంపీఎల్ మాట పరీక్షల మార్కుల కన్నా ఎక్కువగా వినపడేది. ఆయన మాకు కారు నేర్పినప్పుడు చెప్పిన పాఠం ఒకటే: "ఒరే, అవసరం లేని బ్రేకు కొట్టావంటే డీజిల్ రోడ్డు మీద పారబోసినట్టే."

నాన్న హైదరాబాద్ వచ్చినప్పుడు కారు తాళాలిచ్చి పక్కన కూర్చున్నాను. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఆయనే నడిపారు. ముందున్న బస్సు బ్రేకు లైటు వెలగడానికి ముందే ఆయన కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేచేది. బ్రేకు మీద పాదం పెట్టడం మెల్లగా, పొడుగ్గా. చివర్లో కుదుపు లేదు. దిగి మీటరు చూస్తే లీటరుకు 26 దాటింది. అదే దారిలో నాకు అప్పటిదాకా 19, 20 వచ్చేది. బండి అదే, ట్రాఫిక్ అదే. తేడా అంతా ఆగే తీరులో ఉంది.

ఎందుకలా అంటే, ఈ కారులో బ్రేకు పెడల్ మెల్లగా నొక్కితే ముందుగా పని చేసేది మోటారు. అది జనరేటర్‌లా పనిచేసి, బండి వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది. దీన్నే రీజెనరేటివ్ బ్రేకింగ్ అంటారు. గట్టిగా, ఆఖరి క్షణంలో తొక్కితే మోటారు ఒక్కటే ఆపలేదు కాబట్టి మామూలు డిస్క్ బ్రేకులు పడతాయి, ఆ శక్తి చాలావరకు వేడైపోతుంది. మీటరులో ఎడమ పక్క ఒక ముల్లు ఉంటుంది. శక్తి ఖర్చవుతుంటే ఒక వైపు, ఛార్జింగ్ అవుతుంటే మరో వైపు కదులుతుంది. కొత్తలో ఆ ముల్లు ఛార్జింగ్ వైపు చివరిదాకా పోకుండా బ్రేకు వేయడం సాధన చేశాను. కొన్ని వారాలకు కాలికి అదే అలవాటైంది, ఇప్పుడు ముల్లు చూడాల్సిన పని లేదు.

స్టీరింగ్ వెనక వేళ్లతో లాగే రెండు చిన్న మీటలుంటాయి. మామూలు ఆటోమేటిక్ కార్లలో అవి గేర్లు మార్చడానికి. ఇందులో గేర్లు లేవు కాబట్టి, కాలు తీసినప్పుడు బండి ఎంత గట్టిగా నెమ్మదించాలో మెట్లుమెట్లుగా మార్చడానికి పనికొస్తాయి. సిగ్నల్ దూరంగా కనిపించగానే ఎడమ మీట రెండుసార్లు లాగితే చాలు, బ్రేకు పెడల్ దాకా పోకుండానే వేగం చాలావరకు తగ్గిపోతుంది. నాన్నకు ఈ మీటలు బాగా నచ్చాయి. ఇంకో మాట, పల్లంలో న్యూట్రల్‌లో వేసి జార్చే అలవాటున్నవాళ్లు ఇందులో ఆ పని చేయొద్దు. న్యూట్రల్‌లో ఉంటే కరెంటు వెనక్కి రాదు, పైగా అది ప్రమాదం కూడా.

వీధుల్లో ఇంజిన్ ఆగి మోటారు మీద పోయేటప్పుడు కంపెనీ పెట్టిన సన్నటి హెచ్చరిక శబ్దం ఒకటి వస్తుంది. మన వీధుల్లోని హోరులో అది ఎవరికీ వినపడదు. మా సందులో క్రికెట్ ఆడే పిల్లలు, కూరగాయల బండి దగ్గర నిలబడ్డ పెద్దవాళ్లు వెనక కారుందని గమనించరు. అక్కడ నేను నడక వేగంలోనే వెళ్తాను, వాళ్లు తిరిగి చూసేదాకా ఆగుతాను. హైబ్రిడ్ తీసుకునే ప్రతి ఒక్కరూ ఈ విషయం ఇంట్లో నడిపే మిగతావాళ్లకు కూడా తప్పకుండా చెప్పాలి.

ఎండాకాలం వేరే కథ. ఏసీ కంప్రెసర్ కరెంటు మీద నడుస్తుంది కాబట్టి ఇంజిన్ ఆగినా చల్లదనం తగ్గదు. బయోడైవర్సిటీ జంక్షన్‌లో మే నెల మధ్యాహ్నం ఇరుక్కున్నప్పుడు ఇది ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను. కానీ ఆ కరెంటు ఎక్కడో పుట్టాలి కదా. 42 డిగ్రీల ఎండలో ఆగి ఉంటే కొన్ని నిమిషాలకొకసారి ఇంజిన్ దానంతటదే లేచి బ్యాటరీ నింపి మళ్లీ పడుకుంటుంది. ఆ రెండు నెలలూ నాకు మైలేజీ 19, 20 దగ్గరే తిరుగుతుంది. వానలు మొదలై ఏసీ తగ్గిస్తే 23, 24కి చేరుతుంది. డిసెంబరులో ఇంకాస్త ఎక్కువ. ఇవి మీటరు చూపే అంకెలు కావు, ఫుల్ ట్యాంక్ చేయించి మళ్లీ ఫుల్ ట్యాంక్ దాకా వేసిన లెక్క. మీటరు ఎప్పుడూ ఒకటి రెండు ఎక్కువే చూపిస్తుంది.

చిన్న దూరాలకు మైలేజీ పడిపోతుందన్నది కూడా తెలిసి ఉండాలి. పొద్దున చల్లటి ఇంజిన్‌తో పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే రెండు కిలోమీటర్లలో ఇంజిన్ వేడెక్కడానికే కొంత పెట్రోలు పోతుంది. బండి రోజంతా అలాంటి పనులకే అయితే ప్రకటనలో చెప్పిన 27.13 గురించి మర్చిపోవచ్చు.

హైవే మీద నేను ఊహించినదానికి తిరగబడింది. మామూలు కార్లకు ఊళ్లో తక్కువ, హైవే మీద ఎక్కువ వస్తుంది. దీనికి రెండూ దాదాపు సమానం, ఒక్కోసారి హైవేలోనే తక్కువ. చౌటుప్పల్ దాటాక 80లో నిలకడగా పోతే 24, 25 వస్తుంది. 100లో అయితే 20, 21. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా అనుమతి ఉంది కదా అని ఆ వేగంలో పోతే 17కు దిగిపోతుంది. కారణం తేలికే. హైవే మీద బ్రేకులు తక్కువ, అంటే వెనక్కి వచ్చే శక్తి తక్కువ. గాలి వెనక్కి లాగే లాగుడు మాత్రం హైబ్రిడ్ అయినా తప్పదు. నందిగామ, సూర్యాపేట లాంటి చోట్ల ఉంటూ రోజూ హైవే మీదే తిరిగేవాళ్లు అడిగితే నేను ఈ బండి తీసుకోమని చెప్పను.

ఓవర్‌టేక్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది. లాగుడు వెంటనే అందుతుంది, దానికి లోటు లేదు. కానీ పొడుగాటి ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ శబ్దానికీ మీటరు మీద వేగానికీ పొంతన ఉండదు. ఇంజిన్ అప్పుడు చేస్తున్న పని కరెంటు తయారు చేయడం కాబట్టి దాని శబ్దం చక్రాల వేగాన్ని బట్టి కాక, అవసరమైన కరెంటును బట్టి మారుతుంది. మా బావకు ఇది అస్సలు నచ్చలేదు. ఆయన డీజిల్ కారు మనిషి, గేరు మారిన చప్పుడు వినపడాలి.

ఇదే విషయం శ్రీశైలం ఘాట్‌లో ఇంకో రకంగా ఎదురైంది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరి గేటు తీసే వేళకు చేరుకున్నాం. నల్లమల అడవిలో నెమ్మదిగా పోవాలి, అదే ఈ బండికి కలిసొచ్చింది. వటవర్లపల్లి, దోమలపెంట దాకా చాలావరకు మోటారు మీదే వెళ్లింది, కిటికీలు దించితే పక్షుల కూతలు వినపడ్డాయి. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు మెలికలు తిరుగుతూ దిగే ఘాట్ మొదలవుతుంది. నేను ఎడమ మీట లాగి, బ్రేకు మీద భారం తగ్గించి దిగుతున్నాను. బ్యాటరీ గబగబా నిండింది. నాలుగు మలుపులు తిరిగేసరికి పూర్తిగా నిండిపోయింది. అప్పుడు, కాలు యాక్సిలరేటర్ మీద లేకుండానే, ఇంజిన్ ఒక్కసారిగా గట్టిగా మోగడం మొదలుపెట్టింది.

వెనక సీట్లో నాన్న ముందుకు వంగి, "ఏంట్రా, ఎవరు రేస్ చేస్తున్నారు?" అన్నారు. అమ్మ దేవుడి పేరు తలుచుకుంది. నాకూ గుండె ఝల్లుమంది, కానీ వేగం పెరగలేదు, బండి పట్టులోనే ఉంది. డ్యామ్ దగ్గర పక్కకు ఆపి మాన్యువల్ తీసి చదివాం. బ్యాటరీ నిండాక బ్రేకు నుంచి వచ్చే కరెంటు పెట్టుకోవడానికి చోటుండదు. దాన్ని ఖర్చు పెట్టడానికి బండి జనరేటర్ మోటారుతో ఇంజిన్‌ను ఊరికే తిప్పిస్తుంది. అప్పుడు ఇంజిన్‌లో పెట్రోలు మండదు. పాత బండ్లలో రెండో గేరులో వేసి ఘాట్ దిగినప్పుడు ఇంజిన్ ఎలా ఆపుతుందో, ఇదీ ఆ పనే, మరో దారిలో. నాన్న అదంతా విని, "అయితే గేరులో దిగుతున్నట్టే, భయం లేదు" అని తేల్చేశారు. ఘాట్ రోడ్లకు మొదటిసారి తీసుకెళ్లేవాళ్లు ఇంట్లో వాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి పెడితే ఆ కంగారు తప్పుతుంది.

ఇంట్లో అందరికీ ఇబ్బంది అయినది డిక్కీ. పెట్రోలు సిటీలో డిక్కీ 506 లీటర్లు. హైబ్రిడ్‌లో బ్యాటరీ వెనక సీటు వెనకే కూర్చోవడంతో 306 లీటర్లకు తగ్గింది. కాగితం మీద ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. నందిగామ నుంచి తిరిగి వచ్చేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి. బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, నాలుగు కొబ్బరికాయలు, రెండు సూట్‌కేసులు అన్నీ ఒకేసారి పట్టవు. మేం పెద్ద సూట్‌కేసులు మానేసి బట్టల బ్యాగులు వాడుతున్నాం, బియ్యం పార్సిల్ సర్వీసులో వేయిస్తున్నాం. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు అమెరికా చుట్టాలను తీసుకురావాలంటే ఇది పనికిరాదు, క్యాబ్ కూడా పిలవాల్సిందే. కొనేముందు మీ ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు షోరూమ్‌కు తీసుకెళ్లి డిక్కీలో పెట్టి చూడండి. అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

సర్వీసింగ్ విషయంలో నాకున్న భయాలు చాలావరకు నిజం కాలేదు. పదివేల కిలోమీటర్లకో ఏడాదికో మామూలు పెట్రోలు కారులాగే ఆయిల్, ఫిల్టర్లు మారుస్తారు. బ్రేకు ప్యాడ్లు పెద్దగా అరగడం లేదు, ఆపే పనిలో చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి. దానికి ఇంకో పక్క కూడా ఉంది. వానాకాలంలో నాలుగు రోజులు నిలబెడితే డిస్కుల మీద తుప్పు పొర కడుతుంది, మెత్తటి బ్రేకుకు అది పోదు. అప్పుడు ఖాళీ రోడ్డు మీద రెండు మూడుసార్లు కాస్త గట్టిగా బ్రేకు వేస్తే శుభ్రమవుతుంది. హై వోల్టేజీ వైర్లు నారింజ రంగులో ఉంటాయి. కారు కడిగే కుర్రాడికైనా, వీధి చివర మెకానిక్‌కైనా బానెట్ ఎత్తి ముందు వాటిని చూపించి చెయ్యి పెట్టొద్దని చెబుతాను. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీకి చల్లగాలి వెనక సీటు దగ్గరున్న చిన్న జాలీ నుంచే వెళ్తుంది. మీ బండిలో అదెక్కడుందో మాన్యువల్‌లో చూసి, దాని మీద దుప్పట్లు, సంచులు పెట్టకుండా చూసుకోవాలి.

మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో అంకుల్‌కు వేరే కంపెనీ హైబ్రిడ్ ఉంది. కూతురి పురుడుకు ఆంటీతో కలిసి అమెరికా వెళ్లి ఆర్నెల్లకు తిరిగొచ్చేసరికి కారు తలుపులు కూడా తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీ పాడైపోయిందని, లక్షలు పోస్తేగానీ బాగవదని ఎవరో ఆయన్ని బెదిరించేశారు. తీరా చూస్తే పోయింది మామూలు 12 వోల్టుల బ్యాటరీ. హైబ్రిడ్ అయినా తాళాలు, లైట్లు, కంప్యూటర్లు అన్నీ లేవాలంటే ఆ చిన్న బ్యాటరీయే ఆధారం. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. మార్చి పెడితే మామూలుగా స్టార్ట్ అయింది. అందుకే మేం ఊరెళ్లేటప్పుడు తాళాలు మా తమ్ముడికి ఇచ్చి వెళ్తాం. వారానికోసారి వచ్చి బండిని రెడీలో పెట్టి ఓ చుట్టు తిప్పి తెస్తాడు. ఊరికే ఏసీ, పాటలు పెట్టుకుని కూర్చోవడం సరిపోదు, మీటరులో రెడీ అన్న గుర్తు వెలగాలి. అప్పుడే పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని నింపుతుంది.

ఇక డబ్బు లెక్క. 2023లో ఇదే సిటీ పెట్రోలు ఆటోమేటిక్‌కూ హైబ్రిడ్‌కూ మధ్య తేడా నాలుగు లక్షల పైమాటే, ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపితే ఐదు లక్షలు అనుకోండి. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే ఇంటికి, ట్రాఫిక్‌లో లీటరుకు 12 ఇచ్చే పెట్రోలు బండి 100 లీటర్లు తాగుతుంది. హైబ్రిడ్ 23 ఇస్తే 52 లీటర్లు. లీటరు 107 రూపాయలు అనుకుంటే నెలకు ఐదు వేల పైచిలుకు, ఏడాదికి 60 వేల పైచిలుకు మిగులుతుంది. పెట్టిన ఐదు లక్షలు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. బ్యాటరీ వారంటీ కూడా ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లే. నెలకు 2,500 కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగేవాళ్లకైతే నాలుగేళ్లలో వచ్చేస్తుంది. నాలాంటి వాళ్లు డబ్బు ఆదా అవుతుందని మాత్రమే దీన్ని కొనకూడదు. రోజూ సాయంత్రం ఇంటికి చేరేసరికి కాళ్లు, తల నొప్పులు లేకుండా ఉండటానికి నేను ఎంత ఖర్చు పెట్టగలను అని ఆలోచించుకుని కొన్నాను. ఆ లెక్కలో నాకు ఏ లోటూ కనిపించలేదు.

ప్రభుత్వ పన్నుల విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. పాత విధానంలో ఇలాంటి హైబ్రిడ్‌కు జీఎస్టీ, సెస్సు కలిపి 43 శాతం, ఇదే సైజు పెట్రోలు కారుకు 45 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ 40 శాతం. ఎలక్ట్రిక్‌కు 5 శాతమే. ఎలక్ట్రిక్ కార్లకు ఆ రాయితీ ఉండాల్సిందే. కానీ సెల్లార్‌లో ఛార్జర్ పెట్టుకోలేని లక్షల అపార్ట్‌మెంట్ కుటుంబాలకు సగం పెట్రోలు తగ్గించే దారి ఇదొక్కటే. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను తీసేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాలు అలాంటిది ఆలోచిస్తే హైదరాబాద్, విజయవాడ, విశాఖ రోడ్ల మీద పొగ కొంతైనా తగ్గుతుంది.

బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తున్నప్పటి నుంచి మైలేజీ కాస్త తగ్గింది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కన్నా తక్కువ కాబట్టి ఇది ఏ బండికైనా తప్పదు. 2009 జనవరి నుంచి తయారైన తమ కార్ల విడిభాగాలు ఆ ఇంధనాన్ని తట్టుకుంటాయని హోండా ప్రకటించింది కాబట్టి ఇంజిన్ గురించి నాకు టెన్షన్ లేదు.

ఈ మధ్య మా బావ డీజిల్ కారు అమ్మేయాలనుకుంటూ నన్ను సలహా అడిగారు. ఆయన ఉండేది కోదాడలో, తిరిగేదంతా ఖమ్మం, సూర్యాపేట, మిర్యాలగూడ. హైబ్రిడ్ వద్దు బావా అని చెప్పాను. వాళ్లమ్మాయికి కొండాపూర్‌లో ఉద్యోగం వచ్చింది, ఉండేది మియాపూర్. ఆ అమ్మాయిని మాత్రం వచ్చే శనివారం సాయంత్రం ఆరున్నరకు టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్తున్నాను.